రోగి మరణం తర్వాత నర్సుకు పరామర్శ: ఉప్పల్, నాచారం ఆసుపత్రుల నేపథ్యం

ఆసుపత్రిలో రోగి కన్నుమూసినప్పుడు చివరిదాకా సేవ చేసిన నర్సుకు దుఃఖం కలుగుతుంది. బెంగ పట్టుకుంటుంది. ఎక్కడైనా పొరపాటు చేశానేమోనన్న గుబులు వెంటాడుతుంది. వాటిని గుర్తించి, ఆమె మళ్లీ నిలదొక్కుకునేలా తోటివాళ్లూ ఆసుపత్రీ ఇచ్చే ఆసరా గురించిన వ్యాసమిది. వార్డులో ఒక్క నిమిషం మౌనం, ఇన్‌చార్జి సిస్టర్ పక్కకు పిలిచి ఇప్పించే టీ, ఆ పూట మరో సీరియస్ కేసు అప్పగించకపోవడం మొదలుకొని మానసిక వైద్యుల చికిత్స దాకా అన్నీ దీని కిందికి వస్తాయి. ఈ ఏర్పాటుకు తెలుగులో స్థిరపడిన పేరు లేదు. అయితే చావు జరిగిన ఇంటికి వెళ్లి కాసేపు కూర్చుని, పోయినవాళ్ల గురించి రెండు మాటలు అడిగి, ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పి వచ్చే మర్యాద మనకు కొత్త కాదు. దాన్ని పరామర్శ అంటాం. నర్సుకు దొరకనిది అదే. అందుకే ఇక్కడ ఆ మాటే వాడుతున్నాం.

తూర్పు వాకిట్లో

ఉప్పల్, నాచారం హైదరాబాదుకు తూర్పు వాకిలి. వరంగల్ నుంచి వచ్చే రహదారి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర నగరంలో అడుగుపెడుతుంది. ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీగా ఉన్న ఈ భాగం 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరింది. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి, మౌలాలి అన్నీ పారిశ్రామికవాడలున్న చోట్లే. ఆ కార్మిక కుటుంబాలకు దిక్కు నాచారంలోని ఈఎస్ఐ ఆసుపత్రి. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టంతో మొదలైన ఈ పథకంలోకి, నెల జీతం 21,000 రూపాయలు దాటని కార్మికులను 2017లో చేర్చారు. కాస్త దూరంలో తార్నాకలో ఆర్టీసీ ఆసుపత్రి, లాలాగూడలో రైల్వే ఆసుపత్రి ఉన్నాయి. ఇక ప్రధాన రహదారుల వెంట మందుల దుకాణాల పైన, ఫంక్షన్ హాళ్ల పక్కన ప్రైవేటు నర్సింగ్‌హోములు లెక్కకు మించి ఉన్నాయి.

ఈ రెండు రకాల ఆసుపత్రుల్లో చావు నర్సుకు రెండు రకాలుగా ఎదురవుతుంది. ఉద్యోగాన్ని బట్టి వైద్యం అందే చోట రోగి ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాడు. లేత్ మిషన్ మీద ముప్పై ఏళ్లు పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి ప్రతి చలికాలమూ అదే వార్డుకు వస్తాడు. సిస్టర్ల పేర్లన్నీ అతనికి తెలుసు. అతని కూతురి పెళ్లి ఏ నెలలో అయిందో సిస్టర్లకు తెలుసు. అలాంటి మనిషి పోతే తెలిసిన మనిషే పోయినట్టు. రోడ్డు పక్క నర్సింగ్‌హోములో అంత పరిచయానికి వ్యవధి ఉండదు. హైవే మీద అర్ధరాత్రి ప్రమాదం, ఫ్యాక్టరీ నైట్‌షిఫ్టులో గుండెపోటు, జిల్లా నుంచి అంబులెన్సులో ఆఖరి ఆశతో తెచ్చిన ముసలమ్మ. పేరు సరిగ్గా రాసుకునేలోపే ప్రాణం పోతుంది. అక్కడి నర్సును బాధపెట్టేది ఆ మనిషి ఎవరో తెలియకపోవడమే. మొదటి నర్సుకు మాట్లాడేందుకు ఎవరైనా కావాలి, రెండో నర్సుకు ఆగి ఊపిరి పీల్చుకునే వ్యవధి కావాలి. ఇద్దరికీ ఒకే మందు రాసిస్తే పనిచేయదు.

నర్సులెవరన్నది కూడా చూడాలి. నల్లగొండ, సూర్యాపేట, వరంగల్, ఖమ్మం జిల్లాల నుంచి మూడేళ్ల జీఎన్ఎం గానీ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి వచ్చిన అమ్మాయిలు ఎక్కువ. నగరంలోని ఆసుపత్రుల్లో చాలా కాలంగా కేరళ నర్సులూ ఉన్నారు. మగ నర్సులు కూడా పెరుగుతున్నారు, వాళ్లను రోగులు బ్రదర్ అంటారు. అమ్మాయిల్లో చాలామంది హాస్టల్లో ఒక గదిలో నలుగురైదుగురు చొప్పున ఉంటారు. నలుగురివీ నాలుగు షిఫ్టులు. ఒకమ్మాయి రాత్రి డ్యూటీ ముగించుకుని గదికి వచ్చేసరికి రెండో అమ్మాయి డ్యూటీకి వెళ్లిపోయి ఉంటుంది, మూడో అమ్మాయి ముసుగుతన్ని నిద్రపోతుంటుంది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ భయపడుతుంది. అమ్మ భయపడుతుందని చెప్పడం మానేస్తారు.

మరణం తర్వాతి గంట

ఈ ఆసరా ఎందుకు అవసరమో తెలియాలంటే ఆ గంటలో నర్సు చేసే పని దగ్గర నిలబడి చూడాలి. డాక్టరు నాడి, కంటిపాపలు చూసి, గీత చదునుగా వచ్చిన ఈసీజీ కాగితం మీద సమయం వేస్తాడు. ఆసుపత్రి భాషలో పేషెంటు ఎక్స్‌పైర్ అయ్యాడు. డాక్టరు బయటికెళ్లి బంధువులతో మాట్లాడతాడు. లోపల నర్సు మానిటర్ మోత ఆపుతుంది, వెంటిలేటర్ తీస్తుంది. సెలైన్ సూదులు, ముక్కులోని గొట్టం, మూత్రపు గొట్టం ఒక్కొక్కటే తీసి, రక్తం కారకుండా దూది అదిమి ప్లాస్టరు వేస్తుంది. కళ్లు మూస్తుంది. దవడ జారకుండా తల చుట్టూ బ్యాండేజీ కడుతుంది. ఒళ్లు తుడిచి, చేతులు సవరించి, కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టి, పేరు రాసిన చీటీ తగిలిస్తుంది.

ఒంటి మీది నగలు తీయడం అన్నిటికన్నా కష్టమైన పని. పుస్తెలతాడు, ముక్కుపుడక, మెట్టెలు. వాచిన వేళ్ల నుంచి మెట్టెలు ఒక పట్టాన రావు. సబ్బు నీళ్లు రాసి, మెల్లగా తిప్పుతూ లాగాలి. ఒక్కొక్కటీ లెక్కపెట్టి, కాగితంలో పొట్లం కట్టి, రిజిస్టరులో రాసి, కొడుకు చేతనో భర్త చేతనో సంతకం పెట్టించుకోవాలి. తీసుకున్నవాడు ఆ పొట్లాన్ని గుప్పిట్లో పట్టుకుని నిలబడిపోతే, అతన్ని కదిలించి మిగతా కాగితాల దగ్గరికి పంపాల్సింది కూడా నర్సే.

ప్రమాదం, విషం, కాలిన గాయం లాంటి పోలీసు కేసులో ఈ వరస మారిపోతుంది. గొట్టాలేవీ తీయకూడదు. ఉన్నది ఉన్నట్టుగా పోస్టుమార్టానికి పంపాలి. ఈ ప్రాంతపు మృతదేహాలు చాలామటుకు గాంధీ ఆసుపత్రి మార్చురీకే చేరతాయి. నోట్లో గొట్టంతో పడుకున్న బిడ్డను చూసి, అది తీసెయ్యమ్మా అని తల్లి కాళ్లమీద పడుతుంది. తీయకూడదమ్మా అని చెప్పాల్సిన మనిషి, పావుగంట క్రితం దాకా ఆ బిడ్డ ఛాతీ మీద చేతులు ఆనించి నొక్కిన మనిషి, ఒక్కరే.

చాలామంది నర్సులు ఈ గంటంతా మృతదేహంతో మాట్లాడుతూనే ఉంటారు. చెయ్యి ఎత్తుతున్న తాతా, అటు తిప్పుతున్న అమ్మా, అంటూ. ఎవరూ నేర్పని అలవాటు ఇది. పని చేస్తున్న చేతులకు అది తోడు. ఆ మనిషి అప్పుడే శవమైపోలేదని చెప్పే గౌరవం కూడా.

తర్వాత పరుపును క్రిమిసంహారక ద్రావణంతో తుడిచి కొత్త దుప్పటి పరుస్తారు. ఆ తడి ఆరకముందే క్యాజువాలిటీ నుంచి ఫోను: బెడ్ ఖాళీ అయిందా సిస్టర్?

హక్కు లేని దుఃఖం

అమెరికాకు చెందిన శోక పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ఒక భావనను ప్రతిపాదించాడు. సమాజం గుర్తించని, బాహాటంగా ఏడవడానికి హక్కు ఇవ్వని దుఃఖం ఒకటుందన్నాడు. నర్సు దుఃఖం ఆ కోవలోదే. తెలంగాణ ఇళ్లలో చావు తర్వాత మూడోనాడు పిట్టకు పెడతారు, పదో రోజో పదకొండో రోజో దినాలు చేస్తారు. ముస్లిం ఇళ్లలో మూడోనాడు జియారత్, క్రైస్తవ ఇళ్లలో జ్ఞాపకార్థ కూడిక. వచ్చేపోయేవాళ్లు, వండిపెట్టేవాళ్లు, పక్కన పడుకునేవాళ్లు ఉంటారు. ఈ ఏర్పాట్లన్నీ బంధుత్వం మీద నడుస్తాయి. రోగికి నర్సు ఏమీ కాదు. ఆమె కన్నీళ్లు పెట్టుకుంటే మెచ్చుకునేవాళ్లున్నట్టే, గట్టిగా ఉండాలమ్మా అని మందలించేవాళ్లూ ఉంటారు. ఆమెకు మిగిలేది ఇంటికెళ్లాక చేసే స్నానం. కొన్ని ఇళ్లలో మైల అని గడప దాటనివ్వకుండా చేయిస్తారు. ఆ అడ్డుకోవడం బాధపెట్టినా, స్నానం మాత్రం చాలామందికి ఆసుపత్రికీ ఇంటికీ మధ్య గీత గీసే పని చేస్తుంది.

బంధుత్వం లేని చోట కూడా బంధముంటుందని మన న్యాయస్థానమే ఒకసారి గుర్తించింది. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో నర్సు అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబరులో దాడి జరిగింది. స్పృహ కోల్పోయిన ఆమెను అదే ఆసుపత్రి నర్సులు దాదాపు 42 ఏళ్లు కంటికి రెప్పలా చూసుకున్నారు. కారుణ్య మరణం కోరుతూ వేసిన పిటిషన్‌ను 2011 మార్చి 7న తోసిపుచ్చుతూ, ఆమె తరఫున మాట్లాడే ఆప్తులు కేఈఎం సిబ్బందేనని సుప్రీంకోర్టు తేల్చింది. 2015 మే 18న ఆమె చనిపోయినప్పుడు, ఆమె పనిచేసిన రోజుల్లో ఇంకా పుట్టని నర్సులు కూడా ఏడ్చారు. వాళ్లను ఎవరూ మీకేమవుతుందని అడగలేదు. అడగకుండా ఉండటానికి అంత పెద్ద కేసు కావలసి వచ్చింది.

ఆసుపత్రి పద్ధతులే దుఃఖాన్ని మింగేలా తయారవుతాయని మొదట లోతుగా చూపింది లండన్ పరిశోధకురాలు ఇసబెల్ మెంజీస్. 1950ల చివర అక్కడి ఒక పెద్ద ఆసుపత్రి నర్సింగ్ విభాగాన్ని అధ్యయనం చేసింది. పనిని ముక్కలు చేసి ఏ నర్సూ ఏ రోగి దగ్గరా ఎక్కువసేపు ఉండకుండా చూడటం, రోగిని పేరుతో కాక పడక అంకెతోనో జబ్బు పేరుతోనో పిలవడం, ప్రతిదానికీ కట్టుదిట్టమైన తంతు పెట్టడం, ఇవన్నీ భయాన్ని దూరం పెట్టడానికి సంస్థ కట్టుకున్న గోడలని ఆమె తేల్చింది. ఆ గోడలు భయాన్ని కరిగించలేదు. నేర్చుకోవడానికి వచ్చిన అమ్మాయిలు పెద్దసంఖ్యలో చదువు మధ్యలోనే వెళ్లిపోయారు. మన వార్డుల్లో మూడో బెడ్డు, డయాలిసిస్ పేషెంటు అనే మాటలు రోజూ వినేవాళ్లకు ఈ అధ్యయనం పాతబడినట్టు అనిపించదు. అంకెతో పిలవడం తప్పని అనలేం, రద్దీలో అది అవసరం. కానీ పోయినప్పుడైనా ఒకసారి పేరుతో తలుచుకోవాలి. ఆ ఒక్క మార్పుకు పైసా ఖర్చు లేదు.

దుఃఖంతో పాటు నేర భావన కూడా ఉంటుంది. మందు ఐదు నిమిషాలు ఆలస్యమైందా? డాక్టరుకు ముందే ఫోన్ చేయాల్సిందా? వైద్యంలో పొరపాటు జరిగితే రోగి మొదటి బాధితుడు, చేసినవాళ్లు రెండో బాధితులు అని అమెరికన్ వైద్యుడు ఆల్బర్ట్ వూ 2000లో రాశాడు. ఆ మాట మీద తర్వాత విమర్శలొచ్చాయి. రోగి కుటుంబం ముందు సిబ్బందిని బాధితులనడం సరికాదన్నారు, అది నిజమే. అయితే మన రాత్రి డ్యూటీల్లో చిక్కు మరొకటి. పొరపాటేమీ జరగకపోయినా, జరిగిందేమోనని నర్సు తనలో తాను కుమిలిపోతుంది. ఆ కేసు మొత్తం తెలిసిన డాక్టరు మర్నాడు పొద్దున రెండు నిమిషాలు నిలబడి, మీరు చేయగలిగిందంతా చేశారు సిస్టర్, ఇది ఎలాగూ ఆగేది కాదు అని కారణం విప్పి చెబితే దించుకోగలిగే బరువది. ఆ రెండు నిమిషాలకు బదులు ఏ కౌన్సెలింగూ రాదు.

బంధువుల కోపం

ఇక్కడి నర్సుల భయంలో సగం బంధువుల కోపానిది. అప్పు చేసి కట్టిన డబ్బు, దక్కని మనిషి. ఆ ఆగ్రహం కౌంటర్ వెనక ఉన్న యజమానికి తగలదు, ఎదురుగా నిలబడిన సిస్టర్‌కు తగులుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో వైద్య సిబ్బందిపై దాడుల నివారణ చట్టం చేసింది. 2020 జూన్‌లో గాంధీ ఆసుపత్రిలో ఒక రోగి మరణం తర్వాత జూనియర్ డాక్టరుపై దాడి జరిగి, జూనియర్ డాక్టర్లు విధులు బహిష్కరించారు. చట్టం ఉన్నా, గొడవ మొదలైన ఆ పది నిమిషాల్లో నర్సు పక్కన నిలబడే మనిషి ఎవరన్నదే అసలు ప్రశ్న. చావు వార్త డాక్టరే స్వయంగా, కూర్చోబెట్టి చెప్పే వార్డులో నర్సుకు ఆ దెబ్బ చాలావరకు తప్పుతుంది. బయట తలుపు దగ్గర నిలబడి తెలిసీ తెలియని జవాబులు చెప్పే పని నర్సుకు వదిలేస్తే, ఆమె దుఃఖపడే దశకు కూడా రాదు, భయంలోనే ఆగిపోతుంది.

2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు బయటపడింది. ఆ తర్వాత చావు దగ్గర బంధువులు లేని కాలమొకటి వచ్చింది. రక్షణ సూటులో చెమటతో తడిసిన నర్సు, సంచిలో పెట్టిన ఫోనును రోగి మొహం ముందు పట్టుకుని, అవతల ఏడుస్తున్న కూతురి మాట వినిపించేది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఒకే షిఫ్టులో ఒకరి వెంట ఒకరు పోయారు. మృతదేహంతో మాట్లాడే ఆ గంట కూడా ఉండేది కాదు, సంచిలో పెట్టి జిప్పు వేసేయడమే. అప్పట్లో డిశ్చార్జి అయినవాళ్లకు సిబ్బంది చప్పట్లు కొట్టి పంపిన దృశ్యాలు టీవీల్లో వచ్చాయి. పోయినవాళ్లను ఎవరు ఎలా సాగనంపారో ఆ నర్సుల్లో చాలామంది ఇంతవరకూ నోరు విప్పి చెప్పలేదు. అడిగినవాళ్లు లేరు.

ప్రపంచం ప్రయత్నించినవి

అన్ని ఏర్పాట్లూ మేలే చేస్తాయనుకోకూడదు. 1983లో జెఫ్రీ మిచెల్ అనే అమెరికన్ ఒక పద్ధతి రూపొందించాడు. అగ్నిమాపక, అంబులెన్సు సిబ్బందిని ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే కూర్చోబెట్టి, చూసింది అనుభవించింది అంతా చెప్పించడం దీని సారం. అది ప్రపంచమంతా పాకింది. 2002లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష వెలువడింది. అలాంటి ఒకే ఒక విడత చర్చ తర్వాతి మానసిక గాయాన్ని ఆపుతుందనడానికి ఆధారం లేదని, ఒక పరీక్షలో కీడు కూడా కనిపించిందని అది తేల్చింది. చెప్పమని పట్టుబట్టడం పరామర్శ కాదని మన పెద్దవాళ్లకు తెలిసిందే. చావింట్లో ఎవరూ ఏం జరిగిందో వివరంగా చెప్పు అని నిలదీయరు. పక్కన కూర్చుంటారు. చెబితే వింటారు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని కూడా ఇంతే చెబుతుంది: చూడు, విను, సాయం దొరికే చోటికి చేర్చు.

నిలిచినవాటిలో రెండు చెప్పుకోదగ్గవి. వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రి అత్యవసర విభాగంలో జొనాథన్ బార్టెల్స్ అనే నర్సు 2009 ప్రాంతంలో ఒక చిన్న ఆచారం మొదలుపెట్టాడు. రోగి చనిపోగానే గదిలో ఉన్న అందరినీ ఆగమని, ఈ మనిషి ఒకరికి బిడ్డ, ఒకరికి తోడు అని తలుచుకుంటూ కొన్ని క్షణాలు మౌనంగా నిలబడమని అడిగాడు. తర్వాత ఎవరి పనికి వాళ్లు వెళ్లారు. విరామం అన్న పేరుతో అది ఎన్నో దేశాలకు పాకింది. ఏ మతపు ప్రార్థనా కాదు గనుక ఎవరికీ అభ్యంతరం ఉండదు. రెండోది ష్వార్ట్జ్ సమావేశాలు. బోస్టన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1995లో చనిపోయిన కెన్నెత్ ష్వార్ట్జ్ అనే న్యాయవాది, తనతో ఆప్యాయంగా మాట్లాడిన వైద్య సిబ్బంది గురించి చివరి రోజుల్లో ఒక వ్యాసం రాశాడు. అతని పేరిట ఏర్పడ్డ సంస్థ 1997 నుంచి వీటిని నడుపుతోంది. డాక్టరు నుంచి వార్డుబాయ్ దాకా ఒకచోట కూర్చుని, జబ్బు సంగతి పక్కనపెట్టి, ఆ రోగి విషయంలో తమ మనసుకు ఏమైందో చెప్పుకునే వేదిక అది.

తెలుగు నేల మీద

మన ప్రాంతంలో ఇలాంటి అలవాటుకు దగ్గరగా కనిపించేది మిషన్ ఆసుపత్రుల్లో. గుంటూరులో అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి, మెదక్‌లోని మిషన్ ఆసుపత్రి లాంటి చోట్ల రోజు ప్రార్థనతో మొదలయ్యేది. పోయిన రోగిని కూడా ఆ ప్రార్థనలో తలుచుకునే వీలుండేది. నగరంలోని మలయాళీ నర్సుల్లో చాలామంది ఆదివారం చర్చిలో ఆ పని ఇప్పటికీ చేసుకుంటారు.

ఈనాటి అనుభవం, నయం కాని జబ్బులో బాధ తగ్గించే ఉపశమన వైద్యానిది. రెడ్‌హిల్స్‌లోని ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన విభాగం, నగరంలో 2011లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ ఇందుకు పేరున్నవి. ఉపశమన వైద్యంలో మరణం ఓటమి కాదు, అనుకున్న దారే. డాక్టరు, నర్సు, సామాజిక కార్యకర్త కలిసి రోగి గురించి తరచూ మాట్లాడుకుంటారు. పోయాక కుటుంబాన్ని మళ్లీ పలకరించడం కూడా వాళ్ల పనిలో భాగమే. ఆ పలకరింపు నర్సుకూ మేలు చేస్తుంది. ఆమె చూసిన మనిషి ఇంట్లో దీపం వెలుగుతోందని, పిల్లలు బడికి వెళ్తున్నారని తెలుస్తుంది. కథ మధ్యలో తెగిపోదు. ఉప్పల్ నర్సింగ్‌హోము నర్సుకు అలా తెలిసే దారి లేదు. గేటు దాటిన అంబులెన్సుతో ఆమెకు తెలిసిన కథ ఆగిపోతుంది.

చిన్న ఆసుపత్రిలో ఏం కుదురుతుంది

రాత్రికి ఇద్దరు నర్సులున్న ముప్పై పడకల చోట కౌన్సెలర్‌ను పెట్టమంటే కుదరదు. అయినా చేయగలిగినవి ఉన్నాయి. మొదటిది, పావుగంట. కింది అంతస్తు సిస్టర్ పైకి వచ్చి బెడ్లు చూస్తుంటే ఆ అమ్మాయి ముఖం కడుక్కుని, కూర్చుని, నీళ్లు తాగగలగాలి. ఇక్కడే అసలు సంగతి ఉంది: ఆసరా అన్నది చివరికి మనుషుల సంఖ్య మీదికే వస్తుంది. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒక నర్సు, ఐసీయూలో ఒకరికి ఒకరు ఉండాలి. సెలవుల కోసం అదనంగా 30 శాతం ఉండాలి. ఆ అదనపు మనుషులు లేనిచోట గోడ మీద ఒత్తిడి నివారణ పోస్టరు అంటించడం ఆ అమ్మాయికి అవమానంగానే అనిపిస్తుంది.

రెండోది హ్యాండోవర్. పొద్దున ఎనిమిదికి రాత్రి డ్యూటీ నుంచి పగటి డ్యూటీకి బాధ్యతలు మారేటప్పుడు బీపీలు, సెలైన్లు, ల్యాబు రిపోర్టులు అన్నీ చెప్పుకుంటారు. చనిపోయిన రోగి గురించి అప్పజెప్పడానికి ఏమీ ఉండదు కాబట్టి ఆ పేరు జాబితాలోంచి జారిపోతుంది. అక్కడ ఒక్క వాక్యం చేర్చవచ్చు: రాత్రి ఫలానా పెద్దాయన పోయారు, ఫలానా సిస్టర్ చూసుకుంది. అప్పుడు అందరి కళ్లూ ఆ అమ్మాయి వైపు తిరుగుతాయి. ఇన్‌చార్జి సిస్టర్, తిన్నవా బిడ్డా, అని అడుగుతుంది. ఇక్కడి ఆసుపత్రుల్లో పరామర్శ మొదలయ్యే మాట చాలాసార్లు అదే. ఎలా ఉన్నావని అడిగితే బాగున్నాననే జవాబు వస్తుంది. తిన్నవా అంటే నిజం బయటికొస్తుంది.

మూడోది ఆయమ్మలను, వార్డుబాయ్‌లను కలుపుకోవడం. దేహాన్ని నర్సుతో కలిసి ఎత్తేది వాళ్లే, పరుపు తుడిచేది వాళ్లే. వాళ్లను వదిలేసిన పరామర్శ సగమే అవుతుంది.

కొన్ని సంకేతాలు కనిపిస్తే మాత్రం తోటివాళ్ల మాట సరిపోదు. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, అదే మానిటర్ మోత చెవుల్లో మోగుతుండటం, ఆ బెడ్డు దగ్గరికి పోవడానికి కాళ్లు రాకపోవడం, ఏ రోగిని చూసినా ఏమీ అనిపించకపోవడం, తాగుడు, నిద్రమాత్రలు, బతకాలనిపించకపోవడం. అప్పుడు మానసిక వైద్యులను కలవాలి. నర్సుల చేతికి మత్తు మందులు అందుబాటులో ఉంటాయి కాబట్టి చివరి సంకేతాన్ని ఒక్క రోజు కూడా పక్కన పెట్టకూడదు. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రీ పగలూ తెలుగులో ఉచితంగా అందుతుంది. ఉద్యోగానికి ముప్పు వస్తుందని భయపడే నర్సులకు ఆసుపత్రితో సంబంధం లేని గొంతు దొరకడం పెద్ద వెసులుబాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో, పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అరిగిపోవడాన్ని జబ్బుగా కాక పనిచోటు వల్ల వచ్చే పరిస్థితిగా చేర్చారు. బాధ్యత నర్సు మనోధైర్యం మీద నెట్టేయకుండా ఆసుపత్రి మీద పెట్టే మాట అది.

మొదటి చావు

నర్సింగ్ చదువులో మరణం, శోకం, దేహ సంరక్షణ మొదటి ఏడాదిలోనే పాఠంగా వస్తాయి. మానసిక వైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్ రాస్ 1969లో చెప్పిన, మరణం ఎదురైనప్పటి ఐదు దశలను అమ్మాయిలు పరీక్ష కోసం కంఠతా పడతారు. అవి రోగివి, కుటుంబానివి. నర్సువి కాదు. గ్రీసుకు చెందిన పరిశోధకురాలు డానై పపదాతూ నర్సుల శోకం దశలవారీగా సాగదని, బాధలోకి మునగడం, దాన్నుంచి పక్కకు తప్పుకోవడం మధ్య ఊగుతూ ఉంటుందని చూపింది. ఉదయం ఏడ్చిన అమ్మాయి మధ్యాహ్నం క్యాంటీన్లో నవ్వితే మనసు లేనిదని కాదు. ఆ ఊగడమే ఆమెను నిలబెడుతుంది. విద్యార్థులకు ఈ ఒక్క సంగతి ముందే చెబితే తమ మీద తమకు కలిగే అనుమానం సగం తగ్గుతుంది.

ఉప్పల్ మెట్రో స్టేషన్ 2017 నవంబరులో తెరుచుకుంది. ఉదయం ఎనిమిదిన్నర తర్వాత అక్కడి మెట్ల మీద ఆఫీసులకు పోయే జనం పైకి ఎక్కుతుంటారు. రాత్రి డ్యూటీ దిగిన అమ్మాయిలు, భుజాన సంచీ, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకుని, ఆ జనానికి ఎదురుగా కిందికి దిగుతుంటారు. ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చిన రోజున కింద టీ బండి దగ్గర ఆగుతారు. రాత్రి పోయిన మనిషి మాట వస్తే అక్కడే వస్తుంది. పోయినామె కూతురికి ఏ కాలేజీలో సీటొచ్చిందట, మెట్టెలు తీస్తుంటే వేలు ఎంత చల్లగా ఉందట, నిన్న సాయంత్రం ఇడ్లీ ఒకటి తిని ఇంకోటి నువ్వు తిను బిడ్డా అని ఇచ్చిందట.